ముసుగు సరిచేసే దెయ్యం

హార్లెం ఊళ్ళో తెల్లముసుగుల మఠం సందులోంచి రాత్రి తొమ్మిది దాటాక ఎవరూ వెళ్ళరు. పీకలదాకా బీరు తాగినవాడు కూడా సందు మొగకొచ్చేసరికి తూలడం మానేసి, బుద్ధిగా వెనక్కి తిరిగి, చేపల బజారు చుట్టూ తిరిగి ఇంటికి పోతాడు.

మఠం అన్నది పేరుకే. ఊరు పాతమతం వదిలి కొత్తమతంలో చేరి, సన్యాసినుల చేత దాన్ని ఖాళీ చేయించి అరవై ఏళ్ళయింది. కింది భాగాన్ని దిక్కులేని ముసలమ్మలకు సత్రం చేశారు. పై అంతస్తు మాత్రం అలాగే పడి ఉంది. ఆ పై వరసలో... మూలగది కిటికీలో... అర్ధరాత్రి వేళ ఒక సన్యాసిని మోకాళ్ళ మీద కూర్చుని కనిపిస్తుంది. కదలదు. మెదలదు. పక్కన చిన్న వెలుగు. అది దీపం కాదనీ, దాని వెలుగు గోడ మీద పడదనీ చెబుతారు. గస్తీవాడు చూశాడు. మంత్రసాని చూసింది. పాలుపోసే మనిషి ఒకతను చూసి మూడు రోజులు జ్వరంతో మంచమెక్కాడు.

తమాషా ఏమిటంటే, అసలా ఊళ్ళో దెయ్యాలు ఉండటానికి వీల్లేదు. చచ్చినవాళ్ళు పైకో కిందికో నేరుగా వెళ్ళిపోవాలి, మధ్యలో మజిలీ అనేది పాతమతం వాళ్ళ కల్పన అని పాస్టర్లు ఖండితంగా చెప్పేశారు. మజిలీయే లేనప్పుడు దెయ్యం ఎక్కడ దిగుతుంది? జనం ఆదివారం పొద్దున ఆ మాటలు విని నిజమే నిజమే అని తలలూపేవాళ్ళు. సోమవారం రాత్రి చేపల బజారు చుట్టూనే తిరిగి వెళ్ళేవాళ్ళు.

అలాంటి గదిని వౌటర్ అనే చిత్రకారుడు కోరి మరీ అద్దెకు తీసుకున్నాడు.

వౌటర్‌కి ముప్పై ఏడేళ్ళు. పదేళ్ళుగా ఒక పెద్ద చిత్రకారుడి దగ్గర కూలికి చేతులు గీస్తున్నాడు. ఊళ్ళో డబ్బున్నవాళ్ళ గోడల మీద అతను గీసిన చేతులు ఓ నలభై జతలున్నాయి. ఒక్కదాని కిందా అతని పేరు లేదు. బొమ్మ కింద సొంత పేరు రాసుకోవాలంటే చిత్రకారుల సంఘం ఒప్పుకోవాలి. ఏటా చిత్రకారులు చేసుకునే లూకా పండుగనాడు సొంతంగా వేసిన బొమ్మ ఒకటి పెద్దల ముందు పెట్టాలి. వౌటర్ రెండుసార్లు పెట్టాడు. రెండుసార్లూ వాళ్ళు గడ్డాలు నిమురుకుని, “చేతులు బాగున్నాయి” అని తిప్పి పంపారు. ఇది మూడోసారి. ఇది కూడా తప్పితే నాలుగోసారి అనేది లేదు. జన్మంతా ఇతరుల బొమ్మలకు చేతులు అతికించుకుంటూ బతకాల్సిందే.

అందుకే ఈసారి తెగించాడు. ఒకే ఒక్క మనిషిని వేద్దామనుకున్నాడు. పాతమతం వాళ్ళు కొలిచే సన్యాసిని పునీత క్లారమ్మ, ఒంటరిగా, చీకటిగదిలో మోకరించి, ఎడమ పక్కనుంచి పడే ఒక్క వెలుగులో. వెనకాల పూలు లేవు, వెండి గిన్నెలు లేవు, కాళ్ళ దగ్గర కుక్కపిల్ల లేదు. ఎక్కడైనా కుంచె తడబడితే దాచుకోవడానికి చాటు లేదు. క్లారమ్మను గుళ్ళో పెడితే విగ్రహారాధన, ఇంటి హాల్లో పెడితే కళ. ఆ ఊరి న్యాయం అది, కాబట్టి ఆ చిక్కు లేదు.

మఠం మూలగదికి ఉత్తరపు వెలుగు ఉంది. దెయ్యం పుణ్యమా అని వచ్చేపోయేవాళ్ళు లేరు, వాళ్ళు రేపే దుమ్మూ లేదు. తడి రంగు మీద దుమ్ము పడితే గీకడం తప్ప మార్గం లేదు. వౌటర్‌కి దెయ్యం కంటే దుమ్మంటేనే భయం.

గది తాళంచెవి గోవర్ట్ గారి దగ్గర ఉండేది. ఆయన చర్చి పెద్ద, సత్రం పెద్ద, చిత్రకారుల సంఘానికీ పెద్దే. ఆ ఊళ్ళో పెద్దమనుషులు తక్కువ, పదవులు ఎక్కువ.

“ఏమయ్యా, ఈ గదిలో దెయ్యం సంగతి విన్నావా?” అన్నాడు గోవర్ట్.

“విన్నానండీ.”

“లేదు.”

“ఏది లేదండీ?”

“దెయ్యం. లేదని మొన్న సభలో తీర్మానం రాశాం. నేనే సంతకం పెట్టాను” అని తాళంచెవి చేతిలో పెట్టాడు. మెట్ల కింద నిలబడే పెట్టాడు. పైకి మాత్రం రాలేదు.

వౌటర్ పని మొదలుపెట్టాడు. ఓక్ చెక్క మీద సరేసూ సుద్దా కలిపి ఏడు పూతలు పూసి, అద్దంలా అరగదీశాడు. దాని మీద పల్చగా గోధుమ మన్ను పూత. ఆ పైన చచ్చిన రంగు. మొదట వేసే బూడిదరంగు ఆకారాన్ని ఆ పనివాళ్ళు చచ్చిన రంగనే అంటారు. ప్రాణం పోయడం తరవాతి సంగతి.

ప్రాణం పోసే సరుకు బార్బర కొట్లో దొరుకుతుంది. మొగుడు పోయాక రంగుల కొట్టు ఆవిడే నడుపుతోంది. రాతిబండ మీద రంగులు నూరి నూరి ఆవిడ చేతులు పైల్వాన్ చేతుల్లా ఉంటాయి. నోరు అంతకంటే గట్టిది.

“సుద్ద కలపని తెలుపు కావాలి, బార్బరా. అచ్చమైన సీసపు తెలుపు.”

“నీ మొహానికి సుద్ద చాలు. క్లారమ్మ మొహానికైతే మంచిది ఇస్తాను.”

“అక్రోటు నూనెలో నూరు. అవిసె నూనె వద్దు. అవిసె నూనెలో నూరితే నాలుగేళ్ళకి ముసుగు పచ్చబడిపోతుంది.”

“మింగ మెతుకు లేదు, మీసాలకి సంపెంగ నూనె అట!” అంది బార్బర. అన్నదే గానీ అక్రోటు నూనెలోనే నూరి, పంది తిత్తిలో పోసి, మూతి బిగించి ఇచ్చింది.

ఇక కూర్చోబెట్టడానికి మనిషి కావాలి. అయితే ఈ పనికి మనిషి పనికిరాడు. సన్యాసిని అంగీ నలుపు. ఎముకల మసిని నూనెలో కలిపితే ఆరడానికి వారం పైనే పడుతుంది. త్వరగా ఆరేందుకు చిటికెడు రాగి చిలుం కలిపినా నాలుగు రోజులు. ఒక పూత ఆరాక ఇంకో పూత, అలా మూడు వారాలు. అన్నాళ్ళూ గుడ్డ మడత ఒక్కటి కూడా కదలకూడదు. బతికున్న మనిషికి ఆకలేస్తుంది, తుమ్ము వస్తుంది. అందుకని కీళ్ళున్న నిలువెత్తు కొయ్యబొమ్మనొకదాన్ని తెచ్చాడు. మొహం ఉండాల్సిన చోట గుడ్డులా నున్నటి చెక్క.

చావు ఇళ్ళకి అద్దెకిచ్చే నల్ల అంగీ తెచ్చి తొడిగాడు. బల్లమీద పరిచే తెల్లగుడ్డని ముసుగులా కప్పి గడ్డం కింద సూది గుచ్చాడు. నడుముకి తాడు చుట్టి అందంగా పువ్వుముడి వేశాడు. వేళ్ళు వేళ్ళలో దూర్చి చేతులు జోడించాడు, చర్చిలో తను జోడించినట్టే. కిటికీ పక్కన మోకరింపజేసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. సాక్షాత్తూ క్లారమ్మే అనిపించింది. చీకటి పడగానే గదికి తాళం వేసి, రొట్టెలవాడి మేడ మీదున్న తన కొట్టంలోకి పోయి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున తాళం తీశాడు.

ముసుగు మారి ఉంది.

గడ్డం కింది సూది లేదు. గుడ్డ నుదుటి మీద అడ్డంగా, కత్తితో గీసినట్టు తిన్నగా ఉంది. రెండు చెవుల దగ్గరా రెండు సూదులు. మిగతా గుడ్డ భుజాల మీదుగా జారి వెనక్కి పడింది.

గాలికి అయ్యుంటుందనుకున్నాడు. సూదులు తీసి గుచ్చే గాలి ఎక్కడిదన్న ఆలోచన రాలేదా అంటే, వచ్చింది. వచ్చిన ఆలోచనని రానట్టే పక్కకి నెట్టి, ముసుగు మళ్ళీ తన పద్ధతిలో పెట్టి, సాయంత్రందాకా పనిచేసుకుని తాళం వేసి వెళ్ళాడు.

రెండో పొద్దున ముసుగు మళ్ళీ మారింది. ఈసారి చేతులు కూడా. వేళ్ళలోంచి వేళ్ళు విడదీసి... అరచెయ్యికి అరచెయ్యి ఆనించి... కుడి బొటనవేలు ఎడమ బొటనవేలి మీద...

వౌటర్ తాళం చూశాడు. చెక్కుచెదరలేదు. కిటికీ చూశాడు. లోపలి గడియ పెట్టినట్టే ఉంది. మెట్ల దగ్గరికి వచ్చి కిందకి తొంగి చూశాడు. సత్రం ముసలమ్మలు బఠానీలు ఒలుచుకుంటూ కూర్చున్నారు.

మూడో పొద్దున పువ్వుముడి లేదు. తాడు కుడిపక్కన తిన్నగా వేలాడుతోంది. దానికి మూడు ముళ్ళు, బెత్తెడు బెత్తెడు ఎడంతో. అంగీ మడతలు కూడా దులిపి కొత్తగా దిద్దినట్టున్నాయి.

“ఎవర్రా అది?” అని అరిచాడు వౌటర్. ఖాళీ గదిలో ఆ అరుపు తనకే పిరికిగా వినిపించింది.

మూడు రోజుల పని. పది మడతలు గీశాడు, అందులో ఒక్క మడతా ఇప్పుడు కొయ్యబొమ్మ మీద లేదు. లూకా పండుగ ఇంకా నాలుగు వారాలే. ఇలా రోజుకో తీరున మడతలు మారితే పూత ఆరేదెప్పుడు, పని తెమిలేదెప్పుడు? అతనికి ఏడుపొచ్చింది. కుంచె విసిరేసి నేలమీద కూలబడి, కన్నీళ్ళు తుడుచుకుని, తలెత్తి ఆ కొయ్యబొమ్మ వంక చూశాడు.

అప్పుడు భయం వేయలేదు. అసూయ వేసింది.

ఎందుకంటే కొత్త మడతలు బాగున్నాయి. నుదుటి మీది తిన్నని అంచు మొహానికంతటికీ నీడ పట్టింది. భుజం మీంచి నేలదాకా మూడే మూడు పెద్ద మడతలు, వెలుగంతా వాటి వెంటే జారుతోంది. తను వేసిన ముసుగు ఇప్పుడు గుర్తు చేసుకుంటే చాకిరేవు నుంచి వస్తున్న మనిషిలా ఉంది. పదేళ్ళు కుంచె పట్టినవాడికి తెలియని సంగతి దెయ్యానికి తెలిసింది.

కత్తి తీసుకుని తడి రంగంతా గీకేశాడు. దెయ్యం పెట్టిన మడతల్నే గీయడం మొదలుపెట్టాడు.

ఆ రాత్రి నుంచి ఏదీ కదలలేదు. అదే మరీ భయమేసింది. తప్పులున్నన్నాళ్ళూ దిద్ది, ఒప్పయ్యాక ఊరుకుందంటే... అది చూస్తోందన్నమాట. రోజూ వచ్చి చూస్తోందన్నమాట.

ఎవరికీ చెప్పకూడదనుకుంటూనే బార్బరకి చెప్పాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలిసినా, కడుపులో దాగలేదు.

బార్బర నూరడం ఆపింది. “దెయ్యం భయపెడుతుందని విన్నాను, పీక నులుముతుందని విన్నాను. తప్పులు దిద్దే దెయ్యాన్ని ఇప్పుడే వింటున్నా. చచ్చినవాళ్ళు కూడా లేచొచ్చి దిద్దాల్సి వచ్చిందంటే, నువ్వెంత ఘోరంగా వేశావో ఆలోచించుకో!”

“నవ్వులాట కాదు, బార్బరా.”

“నవ్వడం లేదు. మొహం ఎలా వేయాలో అడుగు దాన్ని. నీ గుడ్డు మొహం కొయ్యబొమ్మని చూసి మొహం వేయలేవు కదా.”

నిజమే. ఒళ్ళంతా వచ్చింది గానీ మొహం రాలేదు. మొహం లేకపోతే పెద్దలు మళ్ళీ “చేతులు బాగున్నాయి” అంటారు. ఆ మాట ఇంకోసారి వినడం కంటే దెయ్యం నోట్లో తలపెట్టడం నయమనిపించింది. ఆ రాత్రి గదిలోనే ఉండిపోయాడు.

దీపం ఆర్పేసి, బొమ్మ పెట్టిన ముక్కాలి చట్రం వెనక నక్కి కూర్చున్నాడు. కుంపట్లో మట్టిబొగ్గు ఎర్రగా కునుకుతోంది. భయపడటం తన మతానికి విరుద్ధం కాబట్టి, చలికి వణుకుతున్నానని తనకి తానే చెప్పుకున్నాడు. దూరంగా గస్తీవాడి గిలకచప్పుడు సందు మొగదాకా వచ్చి... ఆగి... చేపల బజారు వైపు మళ్ళిపోయింది.

పన్నెండు కొట్టింది.

మెట్ల మీద అడుగు. ఒకటి... ఆగింది. ఇంకొకటి... ఆగింది. బరువు లేని అడుగులు.

తలుపు దగ్గర చిన్న కిర్రుమన్న శబ్దం. లోపలి నుంచి బిగించిన తాళం... తనంతట తానే తిరిగింది.

వౌటర్ పై ప్రాణాలు పైనే పోయాయి. కీర్తనల పుస్తకం వెతుక్కోబోతే చేతికి కుంచెల కట్ట తగిలింది. దాన్నే గుండెకి హత్తుకున్నాడు.

తెల్లటి పొట్టి ఆకారం ఒకటి లోపలికొచ్చింది. అరచెయ్యి చాటున కొవ్వొత్తి. కొయ్యబొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది. వంగింది. ముసుగు అంచు వేలితో సర్దింది. ఒక సూది తీసింది... నోట్లో పెట్టుకుంది. రెండోది తీసింది... అదీ నోట్లో పెట్టుకుంది.

అక్కడ వౌటర్‌కి అనుమానం తగిలింది. సూదులు పళ్ళ మధ్య పట్టుకునే దెయ్యం ఎక్కడైనా ఉంటుందా? వాళ్ళమ్మ అలాగే పట్టుకునేది.

“ఎ... ఎవరది?”

“అరవకు” అంది ఆకారం, పళ్ళ సందున. “సూదులు మింగుతాను.”

కొవ్వొత్తి ఎత్తి చూస్తే ఎనభై ఏళ్ళ ముసలమ్మ. మెట్ల కింద బఠానీలు ఒలుచుకునే వాళ్ళలో ఒకావిడ. పేరు హిల్లె. ప్రతి ఆదివారం చర్చిలో ముందు బల్ల మీద కూర్చుని, పాస్టర్ గారి ప్రతి మాటకీ తలూపేది ఆవిడే.

“తాళంచెవి నీకెక్కడిది, అవ్వా?”

“నా గది తాళంచెవి నా దగ్గర ఉండక, మీ నాన్న దగ్గర ఉంటుందా?” అని సూదులు తీసి రవికకి గుచ్చుకుంది. “పంతొమ్మిదేళ్ళప్పుడు ఈ గదిలోంచి గెంటారు. తాళంచెవి అడగడం మరిచిపోయారు. నేనూ గుర్తు చేయలేదు.”

వౌటర్ కిటికీ వైపు చూశాడు. “అయితే కిటికీలో దెయ్యం...”

“నేనే. మొదటిసారి గస్తీవాడు చూసినప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. మర్నాడు ఊరంతా చచ్చిన సన్యాసిని లేచొచ్చిందన్నారు. ఆలోచించి చూస్తే అదే మేలనిపించింది. బతికున్న సన్యాసిని జపం చేస్తే జరిమానా, సత్రంలోంచి బయటికి. చచ్చినదాన్ని ఎవడొచ్చి పట్టుకుంటాడు? అరవై ఏళ్ళు సుఖంగా జపం చేసుకున్నాను, నాయనా. నువ్వొచ్చి నా చోట్లో ఆ మొద్దుని కూర్చోబెట్టావు.”

“మరి దాన్ని ఎందుకు దిద్దావు?”

“దిద్దకేం చెయ్యను? బల్లగుడ్డ కప్పి, నడుముకి పువ్వుముడి! జపం సగంలో ఉండగా నవ్వొచ్చేది. దేవుడి ముందు నవ్వు, ఈ వయసులో!” అని మళ్ళీ నవ్వింది. నవ్వి, తలగుడ్డ అంచుతో కళ్ళు తుడుచుకుంది. “ఆ అంగీ వేసుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో నేనొక్కతినే మిగిలాను. నేను పోతే అది ఎలా కట్టుకోవాలో చెప్పేవాళ్ళు కూడా ఉండరు. కనీసం నీ బొమ్మలోనైనా సరిగ్గా ఉండనీ అనుకున్నాను.”

వౌటర్ ఆవిడ మాటలు వింటున్నాడు గానీ కళ్ళు వేరే పనిలో ఉన్నాయి. కొవ్వొత్తి కిందనుంచి పడుతూ ఆవిడ చెంపల గుంటలు, పల్చని కనురెప్పలు, బిగిసిన పెదవులు చూపిస్తోంది. ఇన్నాళ్ళూ వెతుకుతున్న మొహం బఠానీలు ఒలుచుకుంటూ మెట్ల కిందే కూర్చుంది.

“అవ్వా, ఆ అంగీ నువ్వే వేసుకుంటావా? నీ మొహం వేసుకుంటాను.”

ఆవిడ నల్లగుడ్డని ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నిమిరింది. తరవాత, “రాత్రిపూటే వస్తాను. జపం మధ్యలో మాట్లాడించకు” అంది.

చిక్కొకటుంది. కొవ్వొత్తి వెలుగులో రంగులు మోసం చేస్తాయి. పసుపు తెలుపైపోతుంది, జేగురు నల్లబడుతుంది. వౌటర్ గదిలోనే ఒక పడక వేసుకుని, పగలంతా కూర్చుని తెలుపూ, పసుపు మన్నూ, రవ్వంత ఎర్ర ఇంగిలీకమూ పాళ్ళు మార్చి మార్చి పదకొండు ఒళ్ళురంగులు కలిపేవాడు. వాటిని పలక మీద వరసగా పెట్టుకుని, రాత్రి కంటిని నమ్మకుండా వరసని నమ్మి వేసేవాడు. నుదుటికి రెండోది, రెప్పకి ఏడోది, ముక్కు పక్క నీడకి పదోది. ఆవిడ కిటికీ దగ్గర అంగీ తొడుక్కుని పెదవులు కదపకుండా జపం చేసుకునేది. చచ్చిన రంగు మీద రోజు రోజుకీ ప్రాణం ఎక్కుతోంది. అతని జన్మలో అంత బాగా ఎప్పుడూ వేయలేదు. వేస్తున్నప్పుడే ఆ సంగతి తెలుస్తూ ఉండేది, దానికి భయమూ వేసేది.

లూకా పండుగ ముందు రాత్రి. ఇంకా కళ్ళలో మెరుపు చుక్కలు రెండే మిగిలాయి.

కింద తలుపు దభాలున తెరుచుకుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు. బరువైన అడుగులు, లాంతరు గొలుసు గలగల.

“ఏమయ్యా వౌటర్! తలుపు తియ్యి. రాత్రిపూట నీ కిటికీలో రెండు నీడలు కనబడుతున్నాయట. పైన పాతమతం ప్రార్థన జరుగుతోందని కబురొచ్చింది!”

గోవర్ట్ గారు. రేపు బొమ్మ చూసి అవునో కాదో చెప్పాల్సిన గోవర్ట్ గారు. ముసలమ్మ దొరికితే ఆవిడకి నీడ పోతుంది. చోటిచ్చినవాడికి సంఘం మొహం మీదే తలుపేస్తుంది.

పారిపోవడానికి దారి లేదు. వౌటర్ మూలనున్న కొయ్యబొమ్మని ఎత్తి పడక మీద పడేసి, పైన దుప్పటి లాగాడు. ముసలమ్మ లేవలేదు. ఉన్నచోటే, మోకాళ్ళ మీదే, అరచేతులు ఆనించి... ఊపిరి బిగబట్టింది.

తలుపు తీయగానే గోవర్ట్ లోపలికొచ్చాడు. లాంతరు ఎత్తి గదంతా చూశాడు. కిటికీ దగ్గర ఆకారం చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. తీర్మానం గుర్తొచ్చి మళ్ళీ ఒకడుగు ముందుకేశాడు.

“అదేమిటి?”

“కొ... కొయ్యబొమ్మండీ. గుడ్డ మడతల కోసం పెట్టుకున్నాను.”

“ఓహో. ఇదా సంగతి! దీన్ని చూసా ఊరు జడుసుకుంటున్నది!” గోవర్ట్ గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. దగ్గరికెళ్ళాడు. లాంతరు ఆవిడ మొహానికి జానెడు దూరంలో పెట్టాడు. ఆ వెలుగులో పచ్చగా, ముడతలు ముడతలుగా ఉన్న ఆ మొహం నిజంగానే పాత చెక్కలా ఉంది. సత్రం పెద్దే అయినా సత్రం ముసలమ్మల మొహాలు ఆయన ఏనాడూ సరిగ్గా చూసినవాడు కాదు.

“ఎవరయ్యా చెక్కింది? ఇంత పనికిమాలిన మొహం నేను చూళ్ళేదు. ఈ ముక్కేమిటి, దోసకాయలా!”

ముసలమ్మ కదల్లేదు. ఆ చలికి ముక్కు చివర ఒక నీటిచుక్క ఊరింది. పెద్దదైంది. వేలాడింది.

“అదేమిటి తడి?”

“వార్నిషండీ” అన్నాడు వౌటర్. “ఇంకా ఆరలేదు.”

“ముట్టుకోనులే” అన్నాడు గోవర్ట్. అటు తిరిగేసరికి పడక కనిపించింది. దుప్పటి కిందనుంచి కొయ్య మడమ ఒకటి బయటికొచ్చి ఉంది, నున్నగా, తెల్లగా. గోవర్ట్ కళ్ళు చిట్లించాడు.

గోవర్ట్ గొంతు తగ్గించాడు. “ఆహా. ఇదన్నమాట రాత్రిపూట రెండు నీడల కథ. ముప్పై ఏడేళ్ళొచ్చాయి, పెళ్ళి చేసుకోకూడదటయ్యా? పాపమే అనుకో. అయినా మఠం ప్రార్థన కంటే నయం. పాపం, నిద్రలో ఉలుకూ పలుకూ లేదు... పడుకోనీ.”

వౌటర్ సిగ్గుపడినట్టు తల వంచుకున్నాడు. మనిషిని కొయ్య అనీ, కొయ్యని మనిషి అనీ అనుకున్న ఆ పెద్దమనిషి, అప్పుడు లాంతరు పట్టుకుని బొమ్మ ముందుకొచ్చాడు.

వచ్చి నిలబడిపోయాడు.

లాంతరు ఇటూ అటూ తిప్పాడు. చీకట్లోంచి తెల్లటి ముసుగు, దాని కింద మొహం, ఒంటరిగా, ఎవరో పిలిస్తే వింటున్నట్టు. గోవర్ట్ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో తెలియక మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఆ మొద్దుని చూసి... ఇంత ప్రాణం ఎలా రాబట్టావయ్యా!” అన్నాడు. “చెక్కలోంచి మనిషిని తీశావే! రేపు మిగతావాళ్ళు ఏమన్నా సరే, నా మాట చెబుతున్నా, నువ్వు మా సంఘంలోవాడివి. కింద నీ పేరు రాసుకో. బొమ్మ పేరు మాత్రం క్లారమ్మ అనకు. ప్రార్థిస్తున్న స్త్రీ అను, సరిపోతుంది.”

వౌటర్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదేళ్ళ తరవాత తన పేరు.

గోవర్ట్ తలుపు దాటి, మెట్టు దిగుతూ వెనక్కి తిరిగాడు.

“ఒక్క మాట. ఆ పక్క కిటికీలో పెట్టిన రెండో బొమ్మ తీసేయ్. సందులోంచి వస్తూ చూశాను. పనికి ఒకటి చాలదూ? జనం నిజంగానే హడలిపోతారు.”

“అలాగేనండీ” అన్నాడు వౌటర్.

అడుగులు దిగిపోయాయి. కింద తలుపు మూసుకుంది.

అప్పుడు వౌటర్‌కి ఆ మాట అర్థమైంది. తన దగ్గరున్న కొయ్యబొమ్మ ఒక్కటే. అది పడక మీద ఉంది. పక్క గదికి నేలే లేదు. పాతకాలంలో ఊరు తగలబడ్డప్పుడు దూలాలతో సహా కూలిపోయింది. ఆ కిటికీ వెనక మనిషి నిలబడటానికే కాదు, కాకి వాలడానికి కూడా చోటు లేదు.

“అవ్వా...” అన్నాడు గుసగుసగా. “పక్క కిటికీలో... ఎవరో...”

హిల్లె నెమ్మదిగా లేచింది. మోకాళ్ళు పట్టుకుని వంగి, అంగీ అంచుకి అంటిన దుమ్ము దులుపుకుంది. మొహంలో భయం లేదు. కొంచెం నిరాశ ఉంది.

“ఒక్కతేనా కనిపించింది ఆయనకి?” అంది. “ఈ మఠంలో మేం పధ్నాలుగు మందిమి కదా.”